కుర్మయ్య కోసం కోనసీమకు

మా ఊళ్లో కోనసీమను చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. కాకపోతే వాళ్లు చూసింది కాలువ అడుగు నుంచి. ఏటా దసరా పోయాక పాలమూరు జిల్లాలోని మా పల్లెల నుంచి గుంపులు గుంపులుగా మట్టిపనికి పోతారు. వేసవిలో గోదావరి కాలువలకు నీళ్లు కట్టేస్తే దిగి పూడిక తీస్తారు, గట్లు కడతారు. నీళ్లు వదిలే రోజుకు ఎక్కి వచ్చేస్తారు. "ఎట్లుంటది ఆ సీమ?" అని అడిగితే "మన్ను మెత్తగుంటది టీచరమ్మా" అంటారు. అంతకు మించి చెప్పిన మనిషిని నేను ఎరగను.

ఎనభైల మొదట్లో ఒక వేసవి. బడికి సెలవులిచ్చిన మూడోనాడు బాలమ్మ ఒక కార్డు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆమె భర్త కుర్మయ్య ఆ గుంపుల్లో ఒకదానితో పోయాడు. కార్డు చదివాను.

"బాలమ్మ గారికి నమస్కారములు. మీ వారు కుర్మయ్య గారు కాలువ పనిలో దెబ్బ తగిలి అమలాపురం ఆసుపత్రిలో ఉన్నారు. ప్రాణానికి భయం లేదు. మేము చూసుకుంటున్నాము. వీలు చూసుకుని రావలెను. కొబ్బరి వలుపు కూలీల సంఘం, అంబాజీపేట."

బాలమ్మ ఏడవలేదు. కార్డు తీసుకుని తిప్పి చూసి, "కొబ్బరి కూలీలకు మా ఆయన ఏమైతడు టీచరమ్మా?" అని అడిగింది.

నాకూ తెలియలేదు. ఆమె రైలెక్కి ఎరుగదు. నేను హైదరాబాదు దాటి ఎరగను. ఇద్దరం కలిసి బయలుదేరాం.

రావులపాలెం, కొత్తపేట

రాజమండ్రిలో రైలు దిగేసరికి తెల్లవారింది. గోదావరిని చూసి బాలమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని దండం పెట్టింది. "ఇన్ని నీళ్లు పెట్టుకొని మనల్ని ఎందుకు పిలుస్తుండ్రు?" అంది. నీళ్లున్న చోటే మట్టి తీసే పని ఉంటుందని చెప్పాను. మాకు నీళ్లు లేక పని లేదు, వీళ్లకు నీళ్లుండి పని. ఈ లెక్క ఆమెకు నచ్చలేదు.

రావులపాలెంలో బస్సు మారాలి. బాలమ్మ కండక్టరు దగ్గరికి వెళ్లి, "ఈ బస్సు అంబాజీపేట పోతదా?" అని అడిగింది.

"ఆయ్" అన్నాడతను.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "ఊకె అడిగితే ఎందుకు కోప్పడ్తుండు?" అని నా చెవిలో గొణిగింది. కోప్పడటం కాదనీ, ఈ సీమలో అవునండీ అనడానికి అలా అంటారనీ నాకు తెలిసింది కొత్తపేటలో. అప్పటిదాకా నేను కూడా కండక్టరును కొంచెం అనుమానంగానే చూశాను.

కొత్తపేటలో బస్సు కాసేపు ఆగింది. కాఫీ హోటలు ముందు బల్ల మీద కూర్చుని మా జొన్నరొట్టెలు విప్పాం. రెండు రోజుల రొట్టె, అట్టలా బిగిసిపోయింది. హోటలామె చూసి అడగకుండానే కొబ్బరి, మామిడికాయ కలిపి నూరిన పచ్చడి ఆకులో వేసి తెచ్చింది. మా వైపు కొబ్బరికాయ దేవుడికి ఒకటి కొంటాం. కొట్టాక చిప్పలో సగం పూజారికి పోతుంది. ఇక్కడ పచ్చడికే ఒక కాయ నూరేస్తారు. కాఫీకి నలభై పైసలు తీసుకుంది, పచ్చడికి ఏమీ తీసుకోలేదు.

"ఏ ఊరండీ మీది? ఓహో, పాలమూరా. మట్టిపనికొచ్చేరా అండీ?"

"పనికి కాదు. మా ఆయనకు దెబ్బ తగిలిందంట, చూడబోతున్నం."

"అయ్యయ్యో" అని ఆమె రొట్టె ముక్క ఒకటి తీసుకుని నోట్లో వేసుకుంది, మర్యాదకు. నమిలి నమిలి నీళ్లు తాగి, "గట్టి తిండేనండి" అంది. ఆ రోజు బాలమ్మ నవ్వింది ఆ ఒక్కసారే.

అంబాజీపేట

బస్సు దిగగానే పచ్చి పీచు వాసన. రోడ్డుకు రెండు పక్కలా మనిషెత్తున కొబ్బరికాయల రాశులు, వాటి వెనక డొక్కల గుట్టలు, వేరే రాష్ట్రాలకు పోయే లారీలు. వలిచే వాళ్లను చూస్తూ కాసేపు నిలబడిపోయాను. నేలలో నిలబెట్టిన ఇనుప మొన మీద కాయను గుచ్చి, మూడు విసుర్లలో డొక్క ఊడదీస్తారు. నాలుగో విసురు ఎవరికీ అవసరం పడదు. ఇలా పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా.

సంఘం అంటే ఏదో భవనం అనుకున్నాను. ఒక పెంకుటి గది, ముందు తాటాకు పందిరి, లోపల రెండు బెంచీలు. కార్యదర్శి ఏసురత్నం గారు కూడా వలిచే మనిషే. అరచేతులు పీచు రంగులో ఉన్నాయి. మమ్మల్ని చూడగానే లేచి నిలబడి, "బాలమ్మ గారాండీ? రండమ్మా, కూకోండి. కంగారు పడకండి, పొద్దున్నే జావ తాగేడండి మీ ఆయన" అన్నారు.

బాలమ్మ నా వైపు చూసింది. మా ఊళ్లో ఆమెను దొరల ఇంటివాళ్లు "బాలీ" అంటారు, మిగిలినవాళ్లు "ఏయ్" అంటారు. పేరు చివర గారు చేర్చి పిలిస్తే ఎవరిని పిలుస్తున్నారో ఆమెకు తెలియలేదు.

ఏసురత్నం గారి భార్య కరుణమ్మ గారు అన్నం పెట్టారు, పనసపొట్టు కూరతో. తింటుంటే బాలమ్మ తను తెచ్చుకున్న ప్రశ్నే మళ్లీ అడిగింది.

"మా ఆయన మీకేమైతడన్నా?"

"మా నూకరాజు చెప్తాడమ్మా. ఆసుపత్రి కాడ ఉన్నాడు" అన్నారు ఏసురత్నం గారు.

అమలాపురం

ఆసుపత్రి వసారాలో చివరి మంచం కుర్మయ్యది. తుంటి నుంచి మడమ దాకా కట్టు. బాలమ్మ మంచం పక్కన కూర్చుని అతని మొహం చూడకుండా ముందు కాలి వేళ్లు ముట్టుకుంది. ఒక్కొక్కటీ నొక్కి, "తెలుస్తుందా?" అని అడిగింది. "తెలుస్తుంది" అన్నాడు. ఐదు వేళ్లూ అయ్యాక అప్పుడు ఏడ్చింది.

మంచం అవతల పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి ఒకడు విసనకర్రతో విసురుతున్నాడు. అతనే నూకరాజు. నన్ను వసారా మెట్ల దాకా తీసుకెళ్లి, గొంతు తగ్గించి చెప్పాడు.

"అమ్మగారండీ, ఆయన్ని ముందు కొట్టింది నేనేనండి."

శివరాత్రికి ముందు అంబాజీపేటలో కూలి రేటు కోసం వలుపు వాళ్లు పని ఆపేశారట. ఒక వర్తకుడు కాలువ గట్టున ఉన్న పాలమూరు గుంపు నుంచి పదిమందిని లారీలో తెచ్చి కాయల దగ్గర దింపాడు. సమ్మె అన్న సంగతి వాళ్లకు తెలియదు, తెచ్చినవాడు చెప్పలేదు. నూకరాజు వెళ్లి అందరికన్నా ముందున్న కుర్మయ్యను చెంపమీద కొట్టాడు. కుర్మయ్య తిరిగి కొట్టలేదు. ఎందుకు కొట్టావని అడిగాడు. విషయం చెప్తే, చేతిలో కాయ కింద పెట్టి తనవాళ్లను తీసుకుని నడిచి వెళ్లిపోయాడు.

"మరి నెల్లాళ్ల కిందటండీ, తాటిపాకలో మా అమ్మాయిని చూద్దామని సైకిలు మీద ఎల్తన్నాను. రాజోలు కాలవలో గట్టు ఇరిగి పడిపోయింది. ఒక మనిషిని ట్రాక్టరులో పడేసి తీసుకొచ్చి ఇక్కడ గేటు కాడ దింపేసి ఎల్లిపోయేరండి. నేను ఎనకాలే వచ్చి చూత్తే ఈయన. కొట్టిన మొహం మర్చిపోతామా అండీ?"

ఆ రోజు నుంచి సంఘం వాళ్లు వంతులు వేసుకుని మంచం దగ్గర ఉంటున్నారు. నూకరాజు తన వంతుతో పాటు ఇంకో ఇద్దరి వంతులు కూడా తనే చేస్తున్నాడని తర్వాత తెలిసింది.

అసలు చిక్కు సాయంత్రం ఏసురత్నం గారు చెప్పారు. కాంట్రాక్టరు హాజరు పుస్తకంలో కుర్మయ్య పేరు లేదు. ఉన్న పేరు కొట్టేశారో, మొదటి నుంచీ రాయలేదో దేవుడికే తెలియాలి. ఎవడో దారిన పోయేవాడు లారీ మీద నుంచి పడ్డాడని కాంట్రాక్టరు రాసిచ్చాడు. కాలు మళ్లీ కోసి సరిచెయ్యాలని డాక్టరుగారు అంటున్నారు, అందుకు కాకినాడ తీసుకెళ్లాలి. వైద్యం బాధ్యత కాంట్రాక్టరు మీద పెట్టాలంటే కుర్మయ్య అతని పనిలో ఉన్నాడని లేబరు ఆఫీసులో తోటివాళ్లు చెప్పాలి. ఆ తోటివాళ్లను ఎల్లుండి పొద్దున్నే లారీలెక్కించి తుంగభద్ర వైపు పనికి పంపేస్తున్నారు.

"మేం ఎల్లి అడిగేమమ్మా. ఎవరూ నోరిప్పలేదు" అన్నారు ఏసురత్నం గారు.

"మేస్త్రీ ఎవరు?" అంది బాలమ్మ.

"ఆంజనేయులు అన్నారండి."

"నాకు వరసకు బావ" అంది బాలమ్మ. "పొద్దుగాల పోదాం."

రాజోలు దారి

పొద్దున బస్సు గన్నవరం దగ్గర ఒక పొడవాటి వంతెన ఎక్కింది. నది మీదుగా ఆ వంతెన పైన కాలువే పారుతుందట! నీళ్లు కట్టేసినందువల్ల ఇప్పుడు ఖాళీగా ఉంది. నీళ్లను నీళ్ల మీద నుంచి దాటించే సీమ అని నేను ఆశ్చర్యపోతుంటే, పక్కన నూకరాజు "మరేనండి, అడుగున పూడిక తీసింది మీ వోళ్లే" అన్నాడు. ఆ ఆశ్చర్యంలోనే దిగాల్సిన చోటు దాటిపోయాం. ఎండలో మైలు దూరం వెనక్కి నడిచాం. కాలువ గట్టు దిగుతుంటే నా చెప్పు బురదలో కూరుకుపోయి తెగింది. అంబాజీపేట తిరిగి వచ్చాక మిగిలిన ప్రయాణమంతా కరుణమ్మ గారి చెప్పులతోనే చేశాను.

గుంపు గుడిసెలు గట్టు మీద వరసగా ఉన్నాయి. అందరూ మధ్యాహ్నం బువ్వకు కూర్చున్నారు. సగం మంది నా దగ్గర పలక పట్టినవాళ్లే. నన్ను చూసి ముద్ద వదిలి లేచారు. బాలమ్మను చూసి తల వంచుకున్నారు.

ఆంజనేయులు యాభై ఏళ్ల మనిషి. "ఎప్పుడొచ్చినవ్ బాలమ్మా? తిను ముందుగాల" అన్నాడు. ఆమె కూర్చుంది. పెట్టింది తింది. చెయ్యి కడుక్కున్నాక అడిగింది.

"గట్టు ఇరిగినప్పుడు నువ్వు యాడున్నవ్ బావా?"

"... పక్కనే ఉన్న."

"మన్నుల నుంచి ఎవరు తీసిండ్రు ఆయన్ను?"

ఆంజనేయులు రెండు చేతులూ చాపాడు. గోళ్లు మూడు ఊడిపోయి, కొత్తవి ఇంకా సగమే వచ్చాయి.

"పారతోని తీస్తే యాడ తగుల్తదోనని చేతుల్తోనే తీసిన" అన్నాడు.

బాలమ్మ ఆ చేతులు పట్టుకుంది. "చేతుల్తోని తీసినోనివి, నోటితోని చెప్తానికేమైంది బావా?"

అతను కోపం తెచ్చుకోబోయాడు, రాలేదు. "నా ఎనక ముప్పైమంది ఉన్నరు. పిల్లలున్నరు. నేను చెప్తే రేపు ఈడ పనుండదు, ఆడ పనుండదు. వానలు పడేదాంక వీళ్లను యాడికి తీస్కపోవాలె? నువ్వు చెప్పు."

అప్పటిదాకా గట్టు మీద దూరంగా నిలబడ్డ నూకరాజు దిగి వచ్చాడు. కొంతమంది అతన్ని గుర్తుపట్టి బిగుసుకున్నారు.

"మా సంఘం గదికి తీసుకురండి" అన్నాడు. "గదీ, పందిరీ ఉన్నాయి. బియ్యం మేం చూత్తాం. మీరు ఊరు చేరేదాకా మా కాడే ఉండండి. ఆ రోజు కొట్టినోణ్ణే చెప్తన్నాను."

ఆంజనేయులు అవుననలేదు, కాదనలేదు. మేం వచ్చేస్తుంటే ఒక ముసలమ్మ బాలమ్మ కొంగులో రెండు తాటిముంజలు కట్టి పంపింది, కుర్మయ్యకు ఇమ్మని.

బస్సులో నేను నూకరాజును అడిగాను, సంఘం వాళ్లందరూ దీనికి ఒప్పుకుంటారా అని.

"సగం మంది తిడతారండి" అన్నాడు. "పై ఊళ్లనుంచి వచ్చినోళ్ల వల్ల మా కూలి పడిపోద్దని. నేనూ అట్టాగే అనేవోణ్ణి. ఏసురత్నం ఒక మాటన్నాడండి. ఈళ్లని తరిమేత్తే ఇంకో ఊరోళ్లని తెత్తారు, ఆళ్లని తరిమితే ఇంకోళ్లని. ఈళ్లకీ మనకీ ఒకటే రేటయితే తేవాల్సిన పనేముంది అన్నాడు. మాది ఓ పట్టాన ఎక్కే బుర్ర కాదండి. ఎక్కితే దిగదు."

లేబరు ఆఫీసు

మరునాడు పది గంటలకు అమలాపురం లేబరు ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాం. లారీలు ఆ పొద్దున్నే బయలుదేరతాయి. రాజోలు బస్సు వచ్చినప్పుడల్లా బాలమ్మ లేచి నిలబడుతుంది, మళ్లీ కూర్చుంటుంది. పదకొండయింది. నేను ఆమెకు చెప్పాల్సిన ఓదార్పు మాటలు లోపల కూర్చుకుంటున్నాను. అంతలో ఖాళీ కొబ్బరి లారీ ఒకటి వచ్చి ఆగింది. ఆంజనేయులు దిగాడు. ఉతికిన పంచె, ఎర్ర రుమాలు. అతని వెనక పదకొండు మంది మగవాళ్లు, ఆడవాళ్లు. మిగిలినవాళ్లు తుంగభద్ర లారీ ఎక్కేశారు. వాళ్లను నేను తప్పు పట్టలేను.

ఆఫీసరు మెత్తని మనిషి. ఒక్కొక్కరినీ పేరు అడిగి, తండ్రి పేరు అడిగి, చూసింది చెప్పమన్నాడు. ఆంజనేయులు తను దగ్గరుండి గట్టు కింద తవ్వించిందీ, అది బీటలిచ్చిందని చెప్పినా కాంట్రాక్టరు వినందీ, తను ఇన్నాళ్లూ నోరిప్పందీ అన్నీ చెప్పి వేలిముద్ర వేశాడు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు.

సంఘం గదిలో

ఆ పన్నెండు మందీ, మేమిద్దరం ఆ పెంకుటి గదిలో ఎనిమిది రోజులున్నాం. నేను కోనసీమను చూసింది ఆ ఎనిమిది రోజుల్లోనే.

ప్రతి సాయంత్రం ఏదో ఒక ఇంటి నుంచి బియ్యం, కూరగాయలు వచ్చేవి. ఒకరోజు బండారులంక నుంచి ఒక నేతకారు పాత చీరలు ఆరు పంపించారు. ఆడవాళ్లకు మార్చుకోవడానికి లేవని ఎవరు చెప్పారో తెలియదు. కరుణమ్మ గారు మా వాళ్ల దగ్గర రొట్టె కొట్టడం నేర్చుకుంటానని పట్టుబట్టారు. ఆమె కొట్టిన ప్రతి రొట్టె పెనం చేరేలోపు మూడు ముక్కలయ్యేది. "ఇది కోనసీమ రొట్టండి, దీవులు దీవులుగా ఉంటది" అని తనే నవ్వేవారు. మా వాళ్లు గడ్డపార అంటే వాళ్లు గునపం అనేవారు. మా వాళ్లు బువ్వ అంటే, చంటిపిల్లల మాట అని వాళ్ల పిల్లలు నవ్వి, మధ్యలో తల్లుల చేత మొట్టికాయలు తినేవారు.

అంతా తీపి కాదు. నాలుగో రోజు పందిట్లో సమావేశం జరిగింది. ఒకాయన లేచి, "మన పిల్లలకే పని చాలక గల్ఫుకి పంపుతుంటే ఈళ్లని నెత్తికెక్కించుకుంటారా?" అని గట్టిగా అడిగారు. ఏసురత్నం గారు ఆయన్ని కసరలేదు.

"మీ అబ్బాయి కువైట్లో ఉన్నాడు కదండీ. అక్కడ కాలు ఇరిగితే ఎవరు చూడాలంటారు?"

ఆయన పందిరి దాటి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు చేతులెత్తారు. బయటి నుంచి పనికి వచ్చినవాళ్లు కూడా సంఘంలో చేరవచ్చు, అందరికీ ఒకటే కూలి. ఆ తీర్మానం రాసింది నేనే. చేతిరాత బాగుంటుందని కాగితం నాకిచ్చారు.

కాంట్రాక్టరు లేబరు ఆఫీసుకు వచ్చే రోజు వలుపు వాళ్లు అరవై మంది పని మానుకుని వచ్చి గోడ నీడన కూర్చున్నారు. ఎవరూ అరవలేదు. కువైట్ అబ్బాయి తండ్రి కూడా వచ్చి అందరికంటే చివర కూర్చున్నారు. కాంట్రాక్టరు లోపల గంటసేపు ఉన్నాడు. బయటికి వచ్చిన ఆఫీసరు, కుర్మయ్య తన కూలీయేనని అతను ఒప్పుకున్నాడనీ, వైద్యమూ నష్టపరిహారమూ అతనివేననీ చెప్పాడు. బాలమ్మకు ఆ మాటల్లో సగమే అర్థమయ్యాయి. "పేరు రాసిండ్రా?" అని అడిగింది. రాశారన్నాను.

కాకినాడలో కాలు సరిచేశారు. అయినా ఒక అంగుళం పొట్టిదయింది. కుర్మయ్య ఇక తట్ట మోయలేడు, కుంటుతూ నడవగలడు. సంతోషంగా చెప్పడానికి ఇంతకన్నా లేదు.

తిరుగు ప్రయాణం

కుర్మయ్య కర్ర పట్టుకుని నడవగలిగాక బయలుదేరాం. రావులపాలెం దాకా నూకరాజు వచ్చాడు. బస్సు కదిలేముందు కిటికీ పట్టుకుని నిలబడ్డాడు.

కుర్మయ్యే అన్నాడు: "నువ్వు కొట్టిన దెబ్బకు నాల్గు దినాలు పన్ను కదిలింది నూకరాజన్నా. మల్ల గట్టిపడ్డది. ఇడిసిపెట్టు."

నూకరాజు కిటికీలోంచి చెయ్యి పెట్టి అతని చెంప నిమిరాడు. "ఎల్లి రండి బావగారూ" అన్నాడు. ఏ వరసన బావో ఎవరూ అడగలేదు.

మక్తల్‌లో బస్సు మారి మా ఊరి దారిన దిగాం. అక్కడ రోడ్డుకు కంకర కొట్టేవాళ్లు గోనెపట్టాల నీడన పని చేస్తున్నారు. రాయచూరు వైపు నుంచి వస్తారు, కన్నడం మాట్లాడతారు. నాలుగు వేసవులుగా నేను వాళ్ల పక్క నుంచే బడికి పోతున్నాను. దుమ్ము పడుతుందని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవడం తప్ప వాళ్లతో నాకు ఏ సంబంధమూ లేదు.

బాలమ్మ కుర్మయ్యను చెట్టు కింద కూర్చోబెట్టింది. నేరుగా వాళ్ల దగ్గరికి నడిచి, సుత్తి పట్టుకున్న ఒక ఆడమనిషి ముందు గొంతుక్కూర్చుంది. వచ్చిన నాలుగు కన్నడం ముక్కలతో ఏదో అడిగింది. ఆమె బెదిరినట్టు చూసింది. బాలమ్మ మళ్లీ అడిగింది, నవ్వుతూ.

నేను దిగిన చోటే నిలబడి ఉన్నాను.

"రా టీచరమ్మా" అని బాలమ్మ కేకేసింది. "పేర్లు చెప్తుండ్రు. నాకు రాయొస్తదా ఏందీ?"

సంచిలో కలం వెతుక్కుంటూ వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాను. మొదటి పేరు శరణమ్మ.